పాత బండి ముందు షాకులు: కొన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

టంగుటూరులో హైవే పక్కన మా షెడ్డు. ఇక్కడికి వచ్చే బండ్లలో సగానికి పైగా చేతులు మారినవే. మొదటి యజమాని పెట్టించుకున్న పేరు ట్యాంకు మీద ఇంకా చెరగకముందే మూడో యజమాని తాళంచెవి తిప్పుతుంటాడు. కొనేటప్పుడు అందరూ ఇంజను శబ్దం వింటారు, మైలేజీ అడుగుతారు, టైరు మీద చెయ్యి వేసి చూస్తారు. ముందు షాకుల సంగతి మాత్రం మొదటి పెద్ద గుంతలో పడ్డాకే గుర్తొస్తుంది. అడిగినవాళ్లకల్లా చెప్పీ చెప్పీ గొంతు నొప్పి పుట్టి, ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెట్టాను. జవాబులు ఎన్ని ఉన్నా నేను చెప్పేది ఒకటే: ముందు చక్రం దగ్గర పుట్టే ప్రతి తెగులూ షాకుది కాదు. టైరుదా, కోన్ సెట్‌దా (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు), షాకుదా అన్నది తేలేదాకా పర్సు తీయకండి.

అసలు ముందు షాకు లోపల ఏముంటుంది?

మెరుస్తూ కనిపించే గొట్టం రాడ్డు. అది జారే అల్యూమినియం తొడుగును మా భాషలో బాటం అంటాం. రాడ్డు పై కొసను హ్యాండిల్ కింద ఉండే టీ పట్టుకుంటుంది, బాటం కింది కొసలో చక్రం ఇరుసు ఉంటుంది. లోపల ఒక పొడవాటి స్ప్రింగు, సన్న రంధ్రాలున్న ఒక చిన్న గొట్టం, కొంత ఆయిల్ ఉంటాయి. స్ప్రింగు పని బరువు మోయడం. గుంతలో పడి కుంగిన స్ప్రింగు ఒక్కసారిగా పైకి తన్నకుండా ఆపే పని ఆయిల్‌ది. ఆ సన్న రంధ్రాల గుండా ఆయిల్ ఇబ్బంది పడుతూ వెళ్లాలి. ఆ ఇబ్బందే మన చేతులకు సుఖం. రాడ్డుకూ బాటానికీ మధ్య ఆయిల్ బయటికి రాకుండా ఆయిల్ సీలు, దాని పైన దుమ్ము లోపలికి పోకుండా డస్ట్ సీలు ఉంటాయి. ఇంతకు మించి పెద్ద రహస్యం లేదు.

కొనేముందు ఐదు నిమిషాల్లో ఏం చూసుకోవాలి?

బండి కడిగి, తుడిచి, షాంపూ వాసనతో నిలబెట్టి ఉంటే ముందుగా అనుమానించండి. కారుతున్న ఆయిల్‌ను తుడవడానికి అరనిమిషం చాలు. అందుకే డస్ట్ సీలు అంచు కింద వేలు పెట్టి చూడండి. అక్కడ జిడ్డుతో కలిసిన నల్లటి మట్టి తగిలిందంటే ఆయిల్ బయటికి వస్తున్నట్టే. పాత మోడళ్లలో కొన్నింటికి రాడ్డు మీద రబ్బరు బూట్లు ఉంటాయి. వాటిని పైకి జరిపి చూడనివ్వను అంటే ఆ బండి వద్దనే చెబుతాను.

తర్వాత రాడ్డు. బొటనవేలి గోటిని పైనుంచి కిందికి మెల్లగా, నాలుగు వైపులా జరపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ క్రోమ్ లేచిందనో, తుప్పు గుంట పడిందనో అర్థం. నాకు గోటి కంటే దూది మీద నమ్మకం ఎక్కువ. చిటికెడు దూది తీసుకుని రాడ్డు మీద తుడిచినట్టు లాగండి. మంచి రాడ్డు మీద దూది చేతిలోనే ఉంటుంది. గుంట పడిన రాడ్డు మీద తెల్లటి పోగులు నాలుగైదు అంటుకుని గాలికి ఊగుతుంటాయి. కంటికి ఆవగింజంత కూడా కనబడని గుంటను దూది పట్టిస్తుంది.

ఆ తర్వాత బండికి ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడి రెండు రాడ్లూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. పక్కనుంచి చూస్తే రాడ్డు టీ దగ్గర వెనక్కి వంగినట్టుంటే ఎక్కడో ఎదురుగా గుద్దుకుందన్నమాట. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక వైపు తిప్పి, టీ కింద ఉండే ఆపుడు ముక్కను చూడండి. అది అణిగిపోయి ఉన్నా, హెడ్ పైపు (ఛాసిస్ ముందు కొసలో హ్యాండిల్ కాడ తిరిగే గొట్టం) వెనక ఛాసిస్ రంగు సన్నగా పగిలి ఉన్నా, అమ్మేవాడు ‘ఒక్కసారి కూడా కింద పడలేదు’ అనే మాట వినాల్సిన పనిలేదు.

సీళ్లు మార్చి నెల కూడా కాలేదు, మళ్లీ కారుతోంది. సీలు నకిలీదా?

కావచ్చు. కానీ పది బండ్లు తెస్తే ఆరేడింటిలో దోషం రాడ్డుది. సీలు పెదవి మెత్తటి రబ్బరు. తుప్పు గుంట అంచు బ్లేడులా ఉంటుంది. రాడ్డు ఒక్కో గుంతకూ ఒకసారి ఆ బ్లేడును పెదవి మీదుగా లాగుతుంది. కొత్త సీలు వేయడమంటే కత్తికి కొత్త కూరగాయ ఇచ్చినట్టే.

అల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు బండి వచ్చింది. ఏడాదిలో మూడు చోట్ల మూడుసార్లు సీళ్లు వేయించాడు. చెరువు గట్టు మీద మేత బస్తాలతో తిరిగే బండి. రాత్రిళ్లు కూడా గట్టు మీదే ఉంటుంది. ఉప్పు గాలి, ఉప్పు నీటి తుంపర ఎప్పుడూ దాని మీద పడుతుంటాయి. రాడ్డు దూరం నుంచి అద్దంలా ఉంది. దూది లాగితే కుడి రాడ్డు ముందు భాగంలో, బొటనవేలంత మేర, పోగులు నిలిచాయి. బాటం సరిగ్గా వచ్చిపోయే చోటు అది. మూడుసార్లు సీలు వేసినవాళ్లలో ఒక్కరూ రాడ్డు మీద వేలు పెట్టలేదు. ఆ మూడు కూలీల డబ్బుతో ఒక రాడ్డు వచ్చేది.

మైపాడు, కొత్తపట్నం, పాకల లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో తిరిగిన బండి అయితే రాడ్డు చూడకుండా సీలు కొనవద్దు. అదే బండి మీ దగ్గర ఉంటే వారానికి ఒకసారి మంచి నీళ్లతో రాడ్లు కడిగి, ఆరాక రెండు చుక్కల ఆయిల్ గుడ్డతో పలచగా రుద్దితే చాలు.

నా రాడ్లు నున్నగా ఉన్నాయి. అయినా కారుతోంది. చీమకుర్తి దారిలో రోజూ తిరుగుతాను.

అయితే మీ సీలు ఇంకా బతికే ఉండవచ్చు. గ్రానైటు క్వారీల లారీలు తిరిగే దారిలో దుమ్ము మామూలు దుమ్ము కాదు, పొడి చేసిన రాయి. అది డస్ట్ సీలు దాటి ఆయిల్ సీలు పెదవి కింద ఇరుక్కుంటుంది. పెదవి రాడ్డును ఆనకుండా అక్కడ వెంట్రుకంత సందు ఏర్పడి, ఆయిల్ పాకుతుంది.

డస్ట్ సీలును చిన్న స్క్రూడ్రైవరుతో జాగ్రత్తగా పైకి లేపండి. రాడ్డు మీద గీత పడకుండా స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టండి. పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి అగ్గిపెట్టె వెడల్పు ముక్క కత్తిరించి, ఒక కొసను కొక్కెంలా కోయండి. దాన్ని రాడ్డుకూ సీలుకూ మధ్య మెల్లగా దించి, రాడ్డు చుట్టూ తిప్పి, పైకి లాగండి. బూడిదరంగు బురద దాంతోపాటు వస్తుంది. రెండు మూడుసార్లు చేసి, తుడిచి, నాలుగు రోజులు నడపండి. ఆయిల్ ఆగిపోతే ఖర్చు సున్నా. ఆగకపోతే అప్పుడు సీళ్లు కొనండి. మా దగ్గర ఇలా ఆగిపోయిన బండ్లు తక్కువేమీ కాదు. కూలీ రాదని చాలామంది మెకానిక్‌లు ఈ ఉపాయం చెప్పరు, అంతే.

గుంటలు పడిన రాడ్డును బాగుచేయించవచ్చా, మార్చాల్సిందేనా?

గుంట ఎక్కడ ఉందన్నదే ప్రశ్న. టీకి దగ్గరగా, సీలు ఎప్పుడూ చేరని పై భాగంలో ఉంటే దాన్ని చూసి దిగులుపడకండి. తుప్పు పెరగకుండా గ్రీజు రాసి వదిలేయండి.

సీలు తిరిగే చోట ఒకటి రెండు సూదిమొనంత గుంటలు ఉంటే, తుప్పును శుభ్రంగా గీకి, పెట్రోలుతో తుడిచి, రెండు గొట్టాల ఎపాక్సీ కలిపి గుంటలో నింపి, ఒక రోజు ఆరనిచ్చి, 1000 నంబరు, ఆపైన 1500 నంబరు నీటి ఉప్పుకాగితంతో రాడ్డు మట్టానికి వచ్చేదాకా రుద్దవచ్చు. రుద్దడం నిలువునా కాదు, రాడ్డు చుట్టూ అడ్డంగా. ఈ పని ఏడాదో రెండేళ్లో నిలబడుతుంది. క్రోమ్ పెచ్చులుగా లేచిన రాడ్డుకు ఇది పనికిరాదు. దానికి పెద్ద ఊళ్లలో హార్డ్ క్రోమ్ వేసేవాళ్లు పాత పూత తీసి, కొత్తది వేసి, కొలతకు అరగదీసి ఇస్తారు. విడిభాగాలు దొరకని అరుదైన బండ్లకు ఆ ఖర్చు న్యాయమే. వీధి వీధికీ ఒకటి కనిపించే 100 సీసీ బండికి కొత్త రాడ్డే చౌక.

ఒక వైపే కారుతోంది. ఒక సీలు మార్చితే సరిపోతుందా?

సరిపోదు. రెండూ ఒకే వయసువి, రెండో వైపు ఆయిల్ కూడా అంతే పాతది. ఒక షాకులో కొత్త ఆయిల్, ఇంకో షాకులో పాతది ఉంటే రెండూ ఒకే రకంగా కుంగవు. సీళ్ల జత ధర నెల్లూరులో ఇద్దరు చేపల పులుసుతో భోజనం చేసినంత. అందులో సగం మిగుల్చుకోవాలని చూడకండి.

స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడల్లా ముందు నుంచి ‘టక్’ మంటోంది. షాకు పోయినట్టేనా?

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. ‘టక్’ అనగానే షాకులు విప్పేస్తారు. ఆ శబ్దానికి కనీసం ఐదారు చోట్లు ఉన్నాయి.

బండిని మెయిన్ స్టాండు మీద వేసి, వెనక సీటు చివరన పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టండి. ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. ఇప్పుడు నేల మీద కూర్చుని, రెండు చేతులతో రెండు బాటాలనూ పట్టుకుని, మీ వైపుకూ వెనక్కూ లాగుతూ నెట్టండి. ఇంకొకరిని టీకీ హెడ్ పైపుకూ మధ్యనున్న సందులో వేలు పెట్టమనండి. ఆ వేలికి ‘టిక్ టిక్’ అని కదలిక తగిలితే కోన్ సెట్ వదులైంది, షాకుకు సంబంధం లేదు. అక్కడ కదలిక లేకుండా రాడ్డుకూ బాటానికీ మధ్య, డస్ట్ సీలు దగ్గర ఊగుతుంటే రాడ్డో, బాటం లోపలి భాగమో అరిగింది. అక్కడా లేకపోతే చక్రాన్ని ఎడమ కుడి అంచుల్లో పట్టుకుని పక్కలకు ఊపండి. కదిలితే చక్రం బేరింగు.

ఈ మూడూ బాగున్నాయా? మడ్‌గార్డు బోల్టులు చూడండి. చిన్న బండ్లలో మడ్‌గార్డు లోపలి ఇనుప పట్టీ రెండు షాకులనూ కలిపి బిగించే పని కూడా చేస్తుంది. నాలుగు బోల్టుల్లో రెండు మాయమై తిరిగే బండ్లు ఎన్నో. తర్వాత డ్రమ్ బ్రేకు ప్లేటు. అది తిరగకుండా ఆపే గాడి అరిగితే బ్రేకు పట్టినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి, రెండు శబ్దాలు వస్తాయి. హెడ్‌లైటు డూము, నంబరు ప్లేటు కూడా మనల్ని మోసం చేయగలవు. ఒకాయన రెండు షాపులు తిరిగి వచ్చాడు. చివరికి తేలింది, హెడ్‌లైటు డూము లోపల జారి తిరుగుతున్న పాత హారన్ నట్టు.

ఇవేవీ కావని తేలాక, బండి గాలిలోకి లేచిన క్షణంలో, అంటే స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు శబ్దం వస్తుంటే అప్పుడు షాకు లోపల ఆయిల్ తగ్గిందని అనుకోవచ్చు. ఆయిల్ లేక స్ప్రింగు తన్నిన తన్నుకు లోపలి గొట్టం పైకి కొట్టుకుంటుంది.

కోన్ సెట్ బిగిస్తే సరిపోతుందా, మార్చాలా?

చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను ఒక్క వేలితో ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పండి. నడి మధ్యలో, అంటే చక్రం సూటిగా ఉండే చోట, హ్యాండిల్ ఒక గాడిలో పడి ఆగినట్టు అనిపిస్తే గోళీలు గిన్నె మీద గుంటలు చేశాయి. ఎంత బిగించినా లాభం లేదు, సెట్ మార్చాల్సిందే. గాడి తగలకుండా వదులు మాత్రమే ఉంటే బిగించండి. కానీ బలం చూపవద్దు. హ్యాండిల్‌ను కొద్దిగా ఒక వైపు తోస్తే అది తన బరువుతోనే చివరిదాకా వాలాలి. మరీ బిగిస్తే బండి సూటిగా పోనంటుంది. తాగినవాడు నడిపినట్టు అటూ ఇటూ సన్నగా పాకుతుంది.

విడి గోళీల సెట్ అయితే విప్పేటప్పుడు కింద చీర పరచండి. పైన ఎన్ని, కింద ఎన్ని లెక్క రాసుకోండి. రాలిన గోళీలను సున్నపు నేల మీద వెతకడం కంటే చీర మీద వెతకడం తేలిక.

బ్రేకు వేయగానే ముందు భాగం ముక్కు నేలకు ఆన్చినట్టు కుంగుతోంది. స్ప్రింగులు మార్చమంటున్నారు.

ముందు ఆయిల్. పాతబడిన ఆయిల్ నీళ్లలా పలచబడి ఆ సన్న రంధ్రాల గుండా ఇట్టే జారిపోతుంది. చేతులు మారిన బండ్లలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌తోనే పదేళ్లు నడిచినవి. ఇంజను ఆయిల్ మార్చేవాళ్లే గాని ఫోర్కు ఆయిల్, అంటే ఈ ముందు షాకుల జతలోని ఆయిల్ మార్చేవాళ్లు తక్కువ. మన రోడ్ల మీద రెండేళ్లకు ఒకసారి, లేదా 20 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చడం నా లెక్క.

ఆయిల్ మార్చినా కుంగుతుంటే అప్పుడు స్ప్రింగు. బయటికి తీసి, పక్కన కొత్త స్ప్రింగును నిలబెట్టి పొడవు పోల్చండి. కనీసం ఎంత పొడవు ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. కొలవడం తెలియని రోజుల్లో స్ప్రింగు పైన రెండు వాషర్లు వేసి గట్టిపరచడం మా గురువు నేర్పాడు. అది బరువుకు కొంత ఎత్తు ఇస్తుంది గాని సాగిపోయిన స్ప్రింగును కొత్తది చేయదు. మూడు నాలుగు వాషర్లు వేస్తే రబ్బరు బంతి మీద కూర్చున్నట్టు ఉంటుంది.

కొలత కావాలంటే ఒక రబ్బరు బ్యాండు చాలు. రాడ్డుకు చుట్టి, డస్ట్ సీలు దాకా దించండి. మీరు బండి మీద కూర్చుని మెల్లగా దిగాక బ్యాండు ఎంత పైకి జరిగిందో చూడండి. మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అయితే మామూలు. సగం దాటితే స్ప్రింగు అలసిపోయింది.

ఏ ఆయిల్ పోయాలి? ఎంత? ఇంజను ఆయిల్ పోస్తే ఏమవుతుంది?

చాలా 100, 125 సీసీ బండ్లకు 10డబ్ల్యూ (చిక్కదనం గుర్తు, డబ్బా మీద ఉంటుంది) ఫోర్కు ఆయిల్ సరిపోతుంది. ఒక్కో షాకుకు సాధారణంగా 150 నుంచి 200 మిల్లీలీటర్ల మధ్య పడుతుంది. మీ మోడలుకు ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోండి. ఇక్కడ 20 మిల్లీలీటర్ల తేడా చేతికి తెలుస్తుంది. మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజితో కొలవండి, టీ గ్లాసుతో కాదు. రెండింటిలోనూ ఒకే కొలత పడాలి.

ఇంజను ఆయిల్ పోస్తే బండి నడుస్తుంది, అబద్ధం చెప్పను. చాలా చోట్ల 20డబ్ల్యూ-40 డబ్బాలో మిగిలిందే పోస్తారు. కానీ అది చిక్కన. చిన్న చిన్న గతుకులకు షాకు కదలదు, ఆ దెబ్బ మణికట్టుకు వస్తుంది. ఎక్కువ పోస్తే ఇంకా చేటు. లోపల గాలికి చోటు లేక, పెద్ద గుంతలో సీలు పగిలి ఆయిల్ చిమ్ముతుంది.

బయటికి తీసిన పాత ఆయిల్‌ను పారబోసే ముందు తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలో పోసి చూడండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వెండి మెరుపుతో బూడిదరంగులో ఉంటే బాటం లోపల అల్యూమినియం అరుగుతోంది, అది సీలుతో తీరే జబ్బు కాదు.

2021 వరదల్లో మునిగిన బండి అని కొన్నాక తెలిసింది. షాకులకు ఏమైనా అవుతుందా?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మునిగిన బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఇంజను బాగుచేయించి అమ్ముతారు. షాకులు ఎవరూ విప్పరు. డస్ట్ సీలు కిందికి ఒండ్రు చేరి, లోపల నీళ్లు నిలిచి, స్ప్రింగు మీదా రాడ్డు లోపలి వైపూ తుప్పు పట్టి ఉంటుంది. పైన చెప్పిన టీ రంగు ఆయిల్ నేను ఎక్కువగా చూసింది అలాంటి బండ్లలోనే. పూర్తిగా విప్పించి, కిరోసిన్‌తో కడిగించండి. కోన్ సెట్, చక్రం బేరింగులు కూడా అదే రోజు చూడాలి. మళ్లీ వేరుగా విప్పే కూలీ మిగులుతుంది.

బ్రేకు పడితే హ్యాండిల్ వణుకుతోంది.

డ్రమ్ అయితే దాని గుండ్రం చెడింది, డిస్క్ అయితే పళ్లెం వంకరైంది. వదులైన కోన్ సెట్ ఆ వణుకును ఇంకా పెంచి చూపిస్తుంది. షాకు మీద అనుమానం చివర పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. డిస్క్ ఉన్న వైపు షాకు కారుతుంటే ఆయిల్ బాటం మీదుగా, ప్యాడ్లతో డిస్క్‌ను పట్టే కాలిపర్ మీదికి దిగుతుంది. ప్యాడ్లకు ఆయిల్ తగిలిందంటే బ్రేకు పట్టు పోయినట్టే. ప్యాడ్లను కాల్చి, ఉప్పుకాగితం రుద్ది వాడేవాళ్లను చూశాను. కొత్తవి వేయించండి. అప్పటిదాకా బండి ఇంట్లో ఉండనివ్వండి.

చక్రం సూటిగా పోతుంటే హ్యాండిల్ మాత్రం ఒక వైపు తిరిగి ఉంది. ఫోర్కు వంగిందా?

చాలాసార్లు వంగదు, మెలిపడుతుంది. బండి పక్కకు పడినప్పుడు టీ పట్టులో రాడ్లు జారుతాయి. ఇరుసు నట్టు, మడ్‌గార్డు బోల్టులు, టీ బోల్టులు వదులు చేయండి. చక్రాన్ని మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని హ్యాండిల్‌ను సరైన వైపుకు తిప్పండి. సూటిగా వచ్చాక కింది నుంచి పైకి బిగించుకుంటూ రండి. పావుగంట పని.

అప్పటికీ కుదరకపోతే రాడ్లు విప్పి చూడాలి. ఈ పరీక్షకు మన జిల్లాలో ఉన్న సౌకర్యం ఇంకెక్కడా ఉండదు. పాలిష్ చేసిన గ్రానైటు పలక ఒకటి తెచ్చుకోండి. చీమకుర్తి చుట్టుపక్కల పాలిషింగ్ యూనిట్లలో అంచు విరిగిన ముక్కలు దొరుకుతాయి. మా షెడ్డులో గెలాక్సీ నల్లరాయి ముక్క ఉంది, రెండున్నర అడుగుల పొడవు, లోపల బంగారు చుక్కలతో. ఏ ఇంటి వరండాలోనో ఉండాల్సినది, మా దగ్గర రాడ్లు దొర్లించడానికి పడి ఉంది. రాడ్డును దాని మీద పెట్టి వేలితో మెల్లగా దొర్లిస్తూ, అవతలి వైపు టార్చి లైటు పెట్టి, ఇవతలి నుంచి కళ్లు పలక మట్టానికి దించి చూడండి. రాడ్డు కింద వెలుగు గీత పుడుతూ మాయమవుతూ ఉంటే రాడ్డు వంగింది. ఎక్కడా వెలుగు రాకపోతే రాడ్డు సూటిది.

సన్నటి వంపును ప్రెస్సు మీద సరిచేసే లేతు పనివాళ్లు ఒంగోలు, నెల్లూరు రెండు చోట్లా ఉన్నారు. వంగిన చోట రాడ్డు ముడత పడినా, క్రోమ్ చిట్లినా సరిచేయించవద్దు. ఒకసారి ముడత పడిన గొట్టం మళ్లీ అక్కడే వంగుతుంది, అదీ మీరు బండి మీద ఉన్నప్పుడు.

షాకు రాయిలా గట్టిగా ఉంది, కదలడమే లేదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక 100 సీసీ బండికి సీళ్లు, ఆయిల్ మార్చి, చక్రం ఎక్కించి, ఇరుసు నట్టు బలంగా బిగించి ఇచ్చాను. సాయంత్రానికి యజమాని తిరిగి వచ్చాడు. ‘ఇంతకుముందు కారేది గాని మెత్తగా ఉండేది. ఇప్పుడు కారడం లేదు, కదలడమూ లేదు’ అన్నాడు. ఆయిల్ ఎక్కువైందని విప్పాను, కాలేదు. సీలు తప్పని మార్చాను, కాలేదు. మా గురువు వచ్చి ఇరుసు నట్టు వదులు చేసి, హ్యాండిల్ పట్టుకుని బండిని ఐదారుసార్లు గట్టిగా కిందికి నొక్కి, మళ్లీ బిగించాడు. అంతే.

చక్రం బిగించేటప్పుడు రెండు బాటాలూ ఒకదాన్నొకటి లాగుతూ, నెడుతూ ఉన్నాయంటే రాడ్లు లోపల అడ్డంగా రుద్దుకుంటాయి. నట్టు చివరి బిగింపుకు ముందు నొక్కి వదలితే వాటి చోట అవి కూర్చుంటాయి. ఇది కాకపోతే ఆయిల్ చిక్కన కావడం, ఎక్కువ కావడం, రాడ్డు వంగడం అన్నవి వరుసగా చూడండి.

పాల క్యాన్లు కడితే 50 దాటగానే హ్యాండిల్ ఊగుతోంది. షాకులు మార్చమన్నారు.

వెనక చక్రానికి కూడా వెనకగా రెండు క్యాన్లు వేలాడుతుంటే ముందు చక్రం మీద బరువే ఉండదు. ముందు తేలికైన బండికి కొత్త షాకులు వేసినా ఊగుతుంది. క్యాన్లను వీలైనంత ముందుకు, కిందికి కట్టించండి. ముందు టైరు అంచులు మెట్లుమెట్లుగా అరిగాయేమో, స్పోకులు వదులయ్యాయేమో, కోన్ సెట్ ఎలా ఉందో చూడండి. ఊపు ఎంత ఉందో తెలుసుకోవడానికి హ్యాండిల్ వదిలి పరీక్షించవద్దు. అలా పరీక్షించినవాడి బండికే నేను రెండు రాడ్లూ కొత్తవి వేశాను.

ఈ పని ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

చేతికి పని అలవాటు ఉంటే చేసుకోవచ్చు. మూడు చోట్ల మాత్రం జాగ్రత్త.

రాడ్డు పైన ఉండే మూత బోల్టు కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చివరి చుట్టు తిరగగానే అది గడ్డం వైపు ఎగురుతుంది. ముఖం పక్కకు పెట్టి, అరచేత్తో నొక్కి పట్టుకుని విప్పండి. బాటం అడుగున అలెన్ బోల్టు ఉంటుంది. మీరు తిప్పితే దానితోపాటు లోపలి గొట్టం కూడా తిరిగి, బోల్టు ఊడదు. అందుకని స్ప్రింగు తీయకముందే, ఎవరైనా హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కి ఉంచగా ఆ బోల్టును ఒక చుట్టు వదులు చేసి పెట్టుకోండి. దాని కింద ఉండే రాగి వాషరు కొత్తది వేయండి. సీళ్లు బాగున్నా బాటం అడుగు నుంచి చుక్కలు పడే బండ్లలో దోషం ఆ చిన్న వాషరుదే.

మూడోది కొత్త సీలు దించడం. రాడ్డు పై అంచు పదునుగా ఉంటుంది. దాని మీద పాలిథీన్ కవరు తొడిగి, సీలు పెదవికి ఆయిల్ రాసి, నంబరు ఉన్న వైపు పైకి ఉంచి దించండి. కూర్చోబెట్టడానికి సుత్తి, స్క్రూడ్రైవరు వద్దు. రాడ్డు మీద తొడిగేంత లావు ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్క తీసుకుని చుట్టూ సమంగా తట్టండి. సీలు తన చోటికి చేరిందంటే, దాన్ని పైకి రాకుండా ఆపే తీగ వలయం (సర్‌క్లిప్) కూర్చునే గాడి పూర్తిగా కనిపిస్తుంది. గాడి సగమే కనిపిస్తుంటే ఇంకా తట్టాలి.

బుల్లెట్‌కూ, ఆర్‌ఎక్స్ 100కూ ఇవే జవాబులా?

సూత్రం అదే, కొలతలు వేరు. 1996 తర్వాత ఆర్‌ఎక్స్ 100 తయారు కాలేదు. ఇప్పుడు దొరికే రాడ్లలో కంపెనీవి అని చెప్పేవన్నీ కంపెనీవి కావు. లావును ఖచ్చితంగా కొలిచే వెర్నియర్ లేకుండా కొనవద్దు. పాత రాడ్డు బాగుంటే దాన్ని కాపాడుకోవడమే మేలు.

బండికి 15 ఏళ్లు దాటాయి. షాకుల మీద ఇంత ఖర్చు దండగ కాదా?

15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, తనిఖీకి బండి తీసుకెళ్లాలి. పొడిగింపు 5 ఏళ్లకు ఇస్తారు. ఐదేళ్లు నడిపే ఉద్దేశం ఉంటే రాడ్లు, సీళ్లు, కోన్ సెట్ ఒకేసారి చేయించండి, కూలీ ఒకసారే పడుతుంది. ఏడాదిలో అమ్మేసే ఆలోచన ఉంటే సీళ్లు, ఆయిల్ చాలు. కొనేవాడికి రాడ్డు సంగతి దాచకుండా చెప్పండి.

పని అయ్యాక సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

షెడ్డు ముందే ముందు బ్రేకు పట్టి బండిని పదిసార్లు కిందికి నొక్కించండి. రాడ్ల మీద పలచటి ఆయిల్ తడి మామూలే. వలయంగా గీత నిలిచిందంటే సీలు సరిగ్గా కూర్చోలేదు. నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి, రెండోసారి ఊగకూడదు. తర్వాత మీకు బాగా అలవాటున్న దారిలో, ఏ గుంత ఎక్కడ ఉందో కళ్లు మూసుకుని చెప్పగల దారిలో, అయిదు కిలోమీటర్లు వెళ్లి రండి. కొత్త దారిలో మంచీ చెడూ తెలియదు. తిరిగి వచ్చాక ఇరుసు నట్టు, టీ బోల్టులు, మడ్‌గార్డు బోల్టులు స్పానరు పెట్టి ఇంకోసారి చూడమనండి. వారం తర్వాత డస్ట్ సీలు కింద మళ్లీ వేలు పెట్టి చూసుకోండి. పొడిగా ఉంటే మీరు ఇక మా షెడ్డుకు రానక్కర్లేదు.